లోటులేని దావీదు

అమ్మ జ్ఞాపకార్థ కూడికకు పిలవని మనిషి ఒకడు వచ్చాడు. చర్చి ముందు వేసిన షామియానా కింద, మగవాళ్ల వరుసలో, అల్లుడి భుజం పట్టుకొని మెల్లగా కూర్చున్నాడు. తెల్లచొక్కా, చేతికి గడియారం, నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. ముఖం ముడతలు పడి మారిపోయింది కానీ కూర్చునే తీరు మారలేదు. మోకాళ్ల మీద అరచేతులు పెట్టుకొని, భోజనం ఎప్పుడు వస్తుందా అని వంటల దిక్కు చూసే ఆ చూపును నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆయన ఒకప్పుడు మా ఊళ్లకు గిర్దావర్. తహశీల్దారు కింద పనిచేస్తూ, ఊరూరా తిరిగి ఎవరికి ఏమున్నదో చూసి రాసే అధికారి. ఆయన పోయాడన్న కబురు కోసం నేను చాలా ఏళ్లు ఎదురుచూశాను. ఈ మాట రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. కబురు రాలేదు. మనిషే వచ్చాడు, అది కూడా మా అమ్మ పేరు మీద పెట్టే భోజనానికి.

ఆయన మీద నాకు ఇంత కక్ష ఎందుకో చెప్పాలంటే మా నాయన ప్రార్థన గురించి చెప్పాలి.

మా ఊరు ఏన్కూరు దాటి అడవిలోకి తిరిగే దారిలో ఉంది. ఊరనడం ఎక్కువే, వాగు ఒడ్డున కొన్ని గుడిసెలు, మధ్యలో తాటాకు చర్చి. నాయన పేరు దావీదు. తల్లాడ దిక్కున్న ఒక పెద్ద రైతు దగ్గర చెలక కౌలుకు తీసుకొని మిరప, జొన్న వేసేవాడు. కౌలు పోను మాకు మిగిలేది ఎక్కువగా మిరప ఘాటే. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టే తునికాకు కోయడానికి పోయేవాళ్లం. పొద్దు పొడవకముందే అడవిలో ఉండాలి, ఎండ ముదిరేలోగా మూటలతో ఇల్లు చేరాలి. మధ్యాహ్నమంతా నీడన కూర్చొని ఆకును కట్టలు కట్టాలి, సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పగించాలి. పచ్చి తునికాకు వాసన ఒకటుంటుంది. వేళ్లకు పట్టిన నల్లటి జిగట ఎంత తోమినా పోదు, అన్నం తింటుంటే ఆ వాసనే ముందు ముక్కుకు తగులుతుంది. పక్కింటి లచ్చవ్వ తన వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసేది. ఆ తీపి వాసన, ఈ ఆకు వాసన, మా పొయ్యి మీద ఉడికే జొన్నగటక వాసన, మూడూ కలిస్తే నాకు ఎండాకాలం. ఇప్పటికీ ఎవరైనా బీడీ ముట్టిస్తే నేను పొగకు విసుక్కోను, ఒక్క క్షణం ఆగి పీలుస్తాను.

నాయన పగలంతా పెద్దగా మాట్లాడేవాడు కాదు. రైతు ముందు తలూపడం, కల్లంలో కట్టలు లెక్కపెట్టే మనిషి ముందు చేతులు కట్టుకోవడం, అంతే ఆయన మాటలు. కానీ అన్నం ముందు మాత్రం ఆయన గొంతు మారిపోయేది. కాళ్లు కడుక్కొని, నెత్తి మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని పెద్దగా ప్రార్థన చేసేవాడు. వాగు అవతలికి వినిపించేంత పెద్దగా. మా ఇంట్లో ఒక వింత ఉండేది. తిండి ఎంత తక్కువుంటే ప్రార్థన అంత పొడుగ్గా ఉండేది. అమ్మ తలమీద కొంగు వేసుకొని, ఒక చేత్తో మెల్లగా కుండను నిప్పుల దగ్గరికి జరిపేది, చల్లారిపోకుండా. ఆకాశానికి, వాగుకు, మిరప చెట్టుకు, అడవిలో మమ్మల్ని కరవకుండా పక్కకు పోయిన పాముకు కూడా ఆయన దేవుడికి స్తోత్రం చెప్పేవాడు. చివర ఎప్పుడూ ఒకటే మాట. "తండ్రీ, మాకు ఏ లోటూ లేకుండ చూస్తున్నవు. మా ఇల్లు నిండుగ ఉన్నది. నీకు స్తోత్రం." మేమంతా ఆమెన్ అని గటకలో చెయ్యి పెట్టేవాళ్లం. చదువు లేని మనిషి, జీవితం మొత్తంలో గొంతెత్తి మాట్లాడేది ఆ కాసేపే.

నేను పదో తరగతి పాసయ్యాను. మా గుడిసెల్లో అంతవరకూ చదివిన ఆడపిల్ల లేదు. ఖమ్మంలో ఆడపిల్లల కాలేజీలో ఇంటర్ సీటు వచ్చింది. బడి పంతులుగారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చొని అంతా విడమరిచి చెప్పారు. స్కాలర్‌షిప్ మంజూరైతే హాస్టల్లో ఉండవచ్చు, తిండికీ ఫీజుకూ దాంట్లోంచే పోతుంది. కాకపోతే హాస్టల్లో ఉంచరు. ఇంటి నుంచి రోజూ పోయి రావడానికి ఖమ్మం మాకు పక్క ఊరు కాదు. అంటే స్కాలర్‌షిప్ ఉంటేనే కాలేజీ, లేకపోతే ఆకు.

దరఖాస్తు ఫారం కాలేజీలో ఇచ్చారు. సిరా అలికినట్టుండే సైక్లోస్టైల్ కాగితాలు. ఫొటో అంటించాలి, గెజిటెడ్ ఆఫీసరుతో సంతకం పెట్టించాలి. మాకు దొరికిన గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు. గేదెకు సూది వేసి, చెయ్యి కడుక్కొని, నా మార్కుల కాగితం మీద సంతకం చేశాడు. అవన్నీ ఎట్లాగో అయినాయి. చిక్కు వచ్చింది ఒక్కచోటే. తండ్రి సంవత్సరాదాయం ఎంత? నేను నాయనను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కౌలు కొలిచిన జొన్నలు ఆదాయమా కాదా, మిరప ఏరితే కూలీగా ఇచ్చిన మిరపకాయలు ఆదాయమా, ఆకు డబ్బులు ఎండాకాలంలో వచ్చి వానాకాలంలో అప్పులోళ్లకు పోతే అది ఎవరి ఆదాయం? చివరకు అన్నాడు, "దేవుడిచ్చినంత అని రాయి బిడ్డా." ఆ గడిలో అట్లా రాయకూడదని చెప్పడానికి నాకు ఆ రోజు నవ్వు వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు నవ్వు రాలేదు.

పంతులుగారే చెప్పారు, ఆదాయం సర్టిఫికెట్ తహశీల్ ఆఫీసు ఇవ్వాలని, దానికి ముందు గిర్దావర్ వచ్చి ఇల్లు చూసి విచారణ చేసి రాస్తాడని. గిర్దావర్ వస్తున్నాడన్న మాట వినగానే మా అమ్మ ఎస్తేరమ్మ చేసిన పని ఏమిటంటే, ఇల్లు అలకడం. నాయన చేసిన పని పాస్టరయ్య దగ్గరికి పోయి చర్చిలోని చేతుల కుర్చీ అడగడం. అంత పెద్ద అధికారి మా గడప తొక్కడం అదే మొదలు. మా వాళ్లకు తెలిసిన మర్యాద ఒక్కటే. వచ్చిన మనిషికి ఉన్నదాంట్లో కాదు, లేనిదాంట్లోంచి పెట్టాలి. కుర్చీ చర్చిది. స్టీలు పళ్లెం, గ్లాసు పంతులుగారి ఇంటివి. సన్నబియ్యం షావుకారు దగ్గర అరువు తెచ్చినవి. నెయ్యి లచ్చవ్వ తన కూతురి బాలింతతనానికి దాచుకున్నది, మా కోసం ఒక చిన్న గిన్నెలో పోసి ఇచ్చింది. గుడ్లు పెట్టే కోడి ఒక్కటే మా సొంతం. దాన్ని కోశారు.

ఆయన వచ్చాడు. రెవెన్యూ వాళ్ల వెంట తిరిగే ఊరి సుంకరి చేతిసంచి మోసుకుంటూ వెనకాల వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. మా చెలక ఎవరిదో అడగలేదు. ఇంట్లోకి తొంగి చూడలేదు, చూస్తే రెండు కుండలు, ఒక నులకమంచం తప్ప ఏమీ కనిపించేవి కావు. పళ్లెం ముందుకు రాగానే చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు నాయన తువ్వాల తీసి, "సారూ, ఒక్క నిమిషం, దేవుడికి చెప్పుకుంట" అన్నాడు. ఆయన చెయ్యి ఆపి నవ్వాడు. ఆ రోజు నాయన ప్రార్థన నేను విన్నవాటిలోకెల్లా అందమైనది. అధికారి అడుగు మా ఇంట్లో పడినందుకు స్తోత్రం, బిడ్డ చదువుకు దారి తెరుస్తున్నందుకు స్తోత్రం. ఎప్పటిలాగే చివరి మాట. ఏ లోటూ లేకుండ చూస్తున్నవు, మా ఇల్లు నిండుగ ఉన్నది. మేమందరం ఆమెన్ అన్నాం. గిర్దావర్ తిన్నాడు. అమ్మ నెయ్యి గిన్నె వంచుతూ "ఇంకొంచెం, సారూ, ఇంకొంచెం" అంటూనే ఉంది. కోడి మొత్తం ఆయనే తిన్నాడు. మేము వాసన తిన్నాం, సంతోషంగానే తిన్నాం.

స్కాలర్‌షిప్ వస్తుందన్న నమ్మకం మీద హాస్టల్లో చేర్చుకున్నారు. వానాకాలంలో నన్ను ఆఫీసు గదికి పిలిచారు. నా పేరు మీద సర్టిఫికెట్ రాలేదు. నాయన, నేను తహశీల్ ఆఫీసుకు పోయాం. అక్కడి గుమాస్తా ఫైలు తీసి, చదివి, కడుపు పట్టుకొని నవ్వాడు. పక్క బల్ల మనిషిని పిలిచి మళ్లీ చదివాడు. "ఇంట్ల కుర్చీ ఉన్నదంట, స్టీలు సామాన్లు ఉన్నయంట, సన్నబియ్యం తింటరంట. ఇంక పైనుంచి మాకు ఏ లోటూ లేదు, ఇల్లు నిండుగ ఉన్నదని పది మంది ముంగట ఇంటి పెద్దే నోటితోని చెప్పిండంట. మళ్లేంది దావీదూ, నీకు స్కాలర్‌షిప్ ఎందుకు?"

"అది దేవునితోని అన్న మాట సారూ" అని నేను అన్నాను. "దేవునితోని ఒకటి, మాతోని ఒకటి చెప్తరా?" అన్నాడు గుమాస్తా. అప్పుడే గిర్దావర్ లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూసి, ఇబ్బందిపడలేదు సరికదా, నవ్వుతూ నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "వచ్చిండా, లోటులేని దావీదు!" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నేను ఆ క్షణాన ఆ మనిషిని ఎంతగా అసహ్యించుకున్నానో, ఇప్పటిదాకా ఇంకెవరినీ అంతగా అసహ్యించుకోలేదు. ఆయనకు మా మీద పగ ఉండి రాసినా కొంత నయమనిపించేది. ఒక మంచి భోజనం చేసి, ఒక మంచి జోకు దొరికిందని రాశాడు. దానికి నా కాలేజీ పోయింది.

హాస్టల్ నుంచి రేకుపెట్టె తెచ్చుకున్నాను. నాతో పాటు చేరిన పిల్లలు క్లాసులో ఉండగానే తల్లాడ బస్సెక్కాను. పెట్టె ఒళ్లో పెట్టుకొని దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఆ ఏడు మళ్లీ ఆకు కోశాను, మిరప ఏరాను. కానీ నా ఏడాది సంగతి పక్కన పెట్టండి, అది మళ్లీ దొరికింది. దొరకనిది ఇంకొకటి. ఆ పేరు ఊళ్లకు పాకింది. సంతలో ఉప్పు కొనబోతే "ఏందయ్యా, లోటులేని దావీదు ఉప్పుకొచ్చిండా" అనేవాళ్లు. కల్లంలో కట్టలు లెక్కపెట్టేవాడు రెండు కట్టలు తీసి పక్కన పడేసి "నీకేం లోటు" అనేవాడు. నాయన తలవంచుకొని నవ్వినట్టు చేసేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చొని తువ్వాల తీశాడు, కళ్లు మూసుకున్నాడు. మేమూ మూసుకున్నాం. ఎంతసేపటికీ గొంతు రాలేదు. కళ్లు తెరిచి చూస్తే పెదాలు మాత్రం కదులుతున్నాయి. అమ్మ "గట్టిగ చెయ్యరాదు?" అంటే "దేవునికి వినపడ్తది లే" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో అన్నం ముందు నాయన గొంతు మళ్లీ వినిపించలేదు.

ఆ ఏడాదంతా నేను ఫారం కాగితాల వెనకవైపు చదివాను. పంతులుగారి దగ్గర కూర్చొని ఏ కాగితం ఎవరి దగ్గరికి పోతుందో, ఎవరు ఏం చూస్తారో, ఏం చూసి ఏం రాస్తారో తెలుసుకున్నాను. నాకు అర్థమైంది ఒకటే. మాకు లేదన్న సంగతి దేవుడికి తెలిస్తే చాలదు, గిర్దావర్ కంటికి కనిపించాలి. మళ్లీ జూన్ వచ్చింది. మళ్లీ దరఖాస్తు పెట్టాను. మళ్లీ ఆయనే వస్తున్నాడని సుంకరి ముందురోజే వచ్చి చెప్పిపోయాడు. ఈసారీ కాకపోతే ఇంక నన్ను అడవిలోనే వదిలేస్తారని తెలుసు. అత్త కొడుకు సంబంధం మాట అప్పటికే ఇంట్లో తిరుగుతోంది.

అమ్మ మళ్లీ ఇల్లు అలకబోయింది. పేడ తట్ట లాగేసుకున్నాను. కోడిపెట్టను తెల్లవారకముందే లచ్చవ్వ ఇంట్లో గంప కింద పెట్టి వచ్చాను. కుర్చీ వద్దన్నాను, స్టీలు పళ్లెం వద్దన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంటికొచ్చిన మనిషికి గటక పెడ్తరా? పోయినేడు ఆయన చేసింది చేసిండు, మనం గట్ల చేస్తమా? నా చేతులు పడిపోయినయా?" అన్నది.

"నువ్వు పెట్టిన నెయ్యే నా సదువు మింగింది" అన్నాను. అమ్మ ఆ మాటకు చాలాసేపు ఏడ్చింది. నేను పట్టించుకోలేదు. ఆ రోజు నాకు ఎవరి ఏడుపూ పట్టలేదు.

గిర్దావర్ వచ్చాడు. కుర్చీ కోసం చూశాడు. గోనెసంచి పరిచాను. చుట్టుపక్కల వాళ్లంతా మా వాకిట్లో చేరారు, నేనే పిలిచాను. ఆయన ముఖం చిట్లించి కూర్చున్నాడు. సత్తుపళ్లెంలో గటక, పక్కన పచ్చిపులుసు, ఒక పచ్చిమిరపకాయ పెట్టాను. పళ్లెం వంక చూసి, తర్వాత నాయన వంక చూసి, అదే నవ్వు నవ్వాడు. "ఏంది దావీదూ, ప్రార్థన చెయ్యవా? పోయినేడు మస్తు చేసినవ్ గద."

నాయన తువ్వాల తీశాడు. గొంతు రాలేదు. అప్పుడు నేను తలమీద కొంగు వేసుకొని లేచి నిలబడ్డాను. "నేను చేస్త సారూ, కండ్లు మూసుకోండ్రి" అన్నాను.

మా వాళ్లలో ప్రార్థన మొదలైతే మధ్యలో ఎవరూ కదలరు, ఎవరూ మాట్లాడరు. అది ఆయనకూ తెలుసు. చెయ్యి కడుక్కున్న మనిషి అట్లాగే చెయ్యి పైకి పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. నేను నాయన గొంతంత పెద్ద గొంతుతో మొదలుపెట్టాను.

"తండ్రీ, పోయినేడు ఈ సారు మా ఇంటికొచ్చిండు. కుర్చీల కూసున్నడు. ఆ కుర్చీ చర్చిదని నీకు ఎరికే. స్టీలు పళ్లెంల తిన్నడు. అది పంతులింటి పళ్లెమని నీకు ఎరికే. సన్నబియ్యం బువ్వ తిన్నడు. ఆ బియ్యం బాకీకి మా అమ్మ మిరప ఏరి ఏరి చేతులు మండినయని నీకు ఎరికే. నెయ్యి లచ్చవ్వ బాలింత బిడ్డదని నీకు ఎరికే."

ఒక్కో మాటకూ జనం ఆమెన్ అన్నారు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. నేను ఆగలేదు.

"మా నాయన నీతోని మాట్లాడిండు తండ్రీ, గవర్నమెంటుతోని మాట్లాడలేదు. నీకు చెప్పిన స్తోత్రాన్ని ఈ సారు రాసుకపోయిండు. మా నాయన నోరు మూయించిండు. ఈయేడు మేము తినేదే ఈ సారుకు పెట్టినం. మేము కూసునే తాననే కూసున్నడు. ఈ సారు కండ్లు తెరువు. తెరువకపోతే, ఇగ ఆయన ఏం తిన్నా, ఏ పెండ్లిల తిన్నా, ఎవరింట్ల తిన్నా, నోటికి ఈ గటక రుచే తగలనియ్యి."

ఆ చివరి మాటకు జనం కొంచెం జంకారు. పాస్టరయ్య దగ్గాడు. లచ్చవ్వ ఒక్కతే, చేతులు రెండూ పైకెత్తి, ఊరంతా వినేట్టు "ఆమెన్" అన్నది. దాంతో అందరూ అన్నారు.

ఆయన కళ్లు తెరిచాడు. ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్ద సగంలో ఆపాడు. సుంకరి చేతిలోంచి సంచి లాక్కొని, అక్కడే గోనె మీద కూర్చొని రాశాడు. లేస్తూ నాతో అన్నాడు, "నీ నోరు మంచిది గాదు బిడ్డా."

"మా నాయన నోరు మంచిదే సారూ. మీకది పనికిరాలేదు" అన్నాను. సర్టిఫికెట్ వచ్చింది. స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు. నాయన మాత్రం వాకిట్లో నులకమంచం మీద పడుకొని, నాకు వినపడాలనో వద్దనో, "గట్ల శాపం పెట్టకుంటే బాగుండు" అన్నాడు. అప్పుడు ఆయన మాట నాకు నచ్చలేదు. ఇప్పుడు కూడా నచ్చదు.

నేను చదివాను, కొత్తగూడెంలో కాలేజీ లెక్చరర్ అయ్యాను. మిగతావాళ్లు తప్పించుకునే స్కాలర్‌షిప్‌ల పని నేను అడిగి మరీ తీసుకున్నాను. భద్రాచలం దిక్కు నుంచి, ఏన్కూరు, కారేపల్లి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలను జూన్‌లో ఒక గదిలో కూర్చోబెట్టి ఫారం నింపడం నేర్పేదాన్ని. కోయ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు వాళ్ల సీనియర్లతో వాళ్ల భాషలోనే చెప్పించేదాన్ని. ఫొటో, సంతకాలు, మార్కుల కాగితాలు అన్నీ అయ్యాక తలుపు దగ్గరికి వేసి అసలు పాఠం చెప్పేదాన్ని. విచారణకు వచ్చిన మనిషికి కుర్చీ వేయకండి. ఇరుగుపొరుగు నుంచి గ్లాసు కూడా తేకండి. ఉన్నది పెట్టండి, లేకపోతే మంచినీళ్లివ్వండి. దేవుడికి చెప్పుకునేది ఆయన పోయాక చెప్పుకోండి. కొన్నేళ్లకు ఆ అడవి ఊళ్లలో విచారణకు పోతే చాయ కూడా పుట్టదని రెవెన్యూ వాళ్లు మొత్తుకుంటున్నారని విన్నాను. ఆ మాట విన్న రోజు నేను ఇంట్లో పాయసం చేసుకున్నాను. అమ్మకు మాత్రం ఇది ఎప్పుడూ మింగుడుపడలేదు. "నీ సదువుతోని మందిని పిసినారోళ్లను చేసినవ్" అనేది. పోయేదాకా అన్నది.

ఇప్పుడు ఎవరూ ఎవరి ఇంటికీ రారు. నా దగ్గరికి సలహా కోసం వచ్చే పిల్లలు ఫోన్‌లో వేళ్లతో టకటకా నొక్కి దరఖాస్తు పంపేస్తారు. కంప్యూటర్ కోడిని తినదు, నెయ్యి అడగదు. అదే సమయంలో, ఇంటి మీద స్లాబు ఉందనో, ఎవరి పేరునో బండి ఉందనో తిరస్కరిస్తే, ఎందుకని అడగడానికి ఎదురుగా ఒక ముఖం ఉండదు. నాకు ఒక ముఖం ఉండేది. దాన్ని ఎదురుగా పెట్టుకొనే చదివాను. ఇప్పటి పిల్లలు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక తమ మీదే తెచ్చుకుంటున్నారు. అది చూస్తే నాకు బాధ వేస్తుంది.

నాయన చాలా ఏళ్ల కిందే పోయాడు. చివరి రోజుల్లో దవాఖానాలో కూడా, బత్తాయి రసం ముందు, పెదాలు కదిలించాడే తప్ప గొంతు రాలేదు.

షామియానా కింద ఆ మనిషి దగ్గరికి నేనే పోయాను. ఎవరో ఏమో అన్నట్టు నా వంక చూశాడు. ఎస్తేరమ్మ బిడ్డనని చెప్పాను. ముఖం వెలిగిపోయింది. పక్కనున్న అల్లుడితో, సంబరంగా, పాత నేస్తం కథ చెప్పినట్టు చెప్పాడు. "ఈమె నాయన నాకు మస్తు తెలుసు. మంచి మనిషి. మేమంతా లోటులేని దావీదు అనేటోళ్లం. ఏం నవ్వుకునేటోళ్లం అప్పుడు!" నా ప్రార్థన ఆయనకు గుర్తుందో లేదో తెలియదు. జోకు మాత్రం గుర్తుంది. ఇన్నేళ్లూ దాన్ని అట్లాగే దాచుకొని, మా అమ్మ భోజనంలోకి తెచ్చాడు.

విస్తర్లు వేశారు. పాస్టరుగారు, ఇప్పుడున్నది కుర్రాయన, భోజనం ముందు ప్రార్థన ఎవరైనా పెద్దలు చేయాలన్నారు. నేను కొంగు వేసుకొని నిలబడ్డాను. నాయన లాగే ఆకాశానికి స్తోత్రం చెప్పాను, వాగుకు చెప్పాను, పక్కకు పోయిన పాముకు చెప్పాను, అమ్మ చేతులకు చెప్పాను. చివర ఆయన వంక తిరిగి, మైకు అక్కర్లేని గొంతుతో అన్నాను. "తండ్రీ, మాకు ఏ లోటూ లేకుండ చూస్తున్నవు. మా ఇల్లు నిండుగ ఉన్నది. ఇది దావీదు మాట. ఆయన నోటి నుంచి పోయిన మాటను ఆయన బిడ్డ నోట్ల పెట్టినవు. నీకు స్తోత్రం." వరుసలో ముసలివాళ్లకు కథ తెలుసు. వాళ్ల ఆమెన్ మామూలు ఆమెన్ కాదు.

కళ్లు తెరిచేసరికి గిర్దావర్ నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది, ముఖం చూస్తే తెలిసిపోయింది. వడ్డించే పిల్ల వచ్చేసరికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు చాలు బిడ్డా, కొంచెం చాలు."

"చెయ్యి తియ్యండి సారూ" అన్నాను. వడ్డించే పిల్లతో గట్టిగా చెప్పాను, "అన్నీ పెట్టు. కోడికూర ఎక్కువ పెట్టు. ఏది తక్కువైనా రాసుకుంటడు."

వరుస వరుసంతా గొల్లున నవ్వింది. ఆయన చెయ్యి తీశాడు. అల్లుడికి ఏమీ అర్థంకాక అందరి ముఖాలూ చూశాడు. నేను నెయ్యి గిన్నె తీసుకొని, మా అమ్మ నిలబడినట్టే ఆయన ముందు వంగి నిలబడ్డాను. ఆయన తల దించుకొని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు.

"కూర రుచి ఎట్లుంది సారూ?" అన్నాను.

"ఏం రుచో ఏమో బిడ్డా" అన్నాడు, తల ఎత్తకుండా. "నోటికి రుచి పోయి చానేండ్లాయె. ఏం తిన్నా ఒక్క తీరుగనే ఉంటది."

ముసలితనమే కావచ్చు, ఏవో మందులు మింగినందుకు కావచ్చు. ఎవరికైనా జాలి వేయాలి. నాకు వేయలేదు. నాయన ఉంటే ఆయనకు వేసేది, అమ్మ ఉంటే కన్నీళ్లు పెట్టుకునేది.

"ఇంకొంచెం, సారూ, ఇంకొంచెం" అని నెయ్యి గిన్నె మొత్తం ఆయన విస్తట్లో వంచి, పైకే అన్నాను, "ఆమెన్."